ఒంట్లో చేరిన నీరు: యంత్రం కొలత చెబుతుంది, వైద్యం ఎవరు చెబుతారు?

“కాళ్ళకు నీరు దిగింది”, “ముఖం ఉబ్బింది”, “ఒంటికి నీరు పట్టింది” అనే మాటలు వినని ఇల్లు మన సరిహద్దు గ్రామాలలో అరుదు. మాట ఒకటే అయినా వెనకనున్న జబ్బు ఒకటి కాదు. గుండె బలహీనపడినా, మూత్రపిండాలు చెడినా కాళ్ళు వాస్తాయి. బోదకాలు పురుగు శోషరస నాళాలను పాడుచేసినా, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులను తొలగించినా అవయవం వాస్తుంది. తరతరాలుగా వైద్యునికి దీనికి ఉన్న పరీక్ష బొటనవేలే. చీలమండ పైన అదిమి, గుంట పడితే నీరు ఉన్నదని, పడకపోతే లేదని తేల్చేవారు.

ఈ వేలి పరీక్షకు బదులుగా, శరీర కణజాలంలోని నీటిని విద్యుత్తుతో కొలిచే సెన్సార్ పరికరాలు గత రెండు దశాబ్దాలలో వైద్యరంగంలోకి ప్రవేశించాయి. డయాలిసిస్ కేంద్రాలలోను, క్యాన్సర్ ఆసుపత్రులలోను, గుండె జబ్బుల విభాగాలలోను వీటి వాడకం పెరుగుతున్నది. ఇవి నిజంగా ప్రాణాలను కాపాడుతున్నాయా? మన పల్లెల రోగులకు ఇవి రావాలని అడగవలసినదేనా, లేక అంతకంటె ముందు అడగవలసినది మరొకటి ఉన్నదా? ఈ ప్రశ్నలను భావావేశంతో గాక, జరిగిన పరీక్షల ఫలితాల ఆధారంగా పరిశీలించడం అవసరం.

వీధులలోని నీరు, ఇళ్ళలోని నీరు

వయోజనుని శరీర బరువులో సుమారు 60 శాతం నీరే. 60 కిలోల మనిషిలో దాదాపు 36 లీటర్లు ఉంటుందన్నమాట. ఇందులో మూడింట రెండు వంతులు, అంటే 24 లీటర్లు, కణాల లోపల ఉంటుంది. మిగిలిన 12 లీటర్లు కణాల వెలుపల ఉంటుంది. ఆ వెలుపలి నీటిలో సుమారు నాలుగవ వంతు రక్తంలోని ప్లాస్మా. తక్కినది కణాల మధ్య సందులలో నిలిచి ఉంటుంది. శరీరాన్ని ఒక ఊరుగా భావిస్తే కణాలు ఇళ్ళు, వాటి మధ్యనున్న ఖాళీలు వీధులు. నీరు పట్టడమంటే వీధులు మునగడం.

వేలితో అదిమి చూసే పరీక్షలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. కణాల మధ్య నీరు సుమారు రెండున్నర నుండి మూడు లీటర్ల మేర పెరిగితే తప్ప వాపు కంటికి స్పష్టంగా కనిపించదని వైద్యశాస్త్రం చెబుతున్నది. తొమ్మిది లీటర్లు ఉండవలసిన చోట పన్నెండు చేరేవరకు మనకు తెలియదు. అంటే వరద వీధులలోకి వచ్చి చాలాసేపయిన తరువాతనే దండోరా వినిపిస్తున్నదన్నమాట.

ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది. కొవ్వు, ఎముక అడ్డగిస్తాయి. కణం చుట్టూ ఉన్న పలుచని పొర మాత్రం ఒక విచిత్రమైన తలుపు వంటిది. తక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తును అది లోనికి రానివ్వదు; అందువలన ఆ విద్యుత్తు వీధుల వెంటనే, అంటే కణాల వెలుపలి నీటిలోనే సాగిపోతుంది. ఎక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తు ఆ తలుపును దాటి ఇళ్ళలోకి కూడా పోతుంది. రెండు రకాల విద్యుత్తుకు శరీరం చూపే నిరోధాన్ని కొలిస్తే, వీధులలో ఎంత నీరున్నదో, ఇళ్ళలో ఎంత ఉన్నదో విడివిడిగా లెక్కకట్టవచ్చు. దీనినే బయో ఇంపెడెన్స్ పద్ధతి అంటారు. శరీరంలోని నీటికి, విద్యుత్ నిరోధానికి గల సంబంధాన్ని 1960లలోనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. నేడు డయాలిసిస్ కేంద్రాలలో పేరుపొందిన ఒక రకం పరికరం 5 నుండి 1000 కిలోహెర్ట్జ్ వరకు 50 వేర్వేరు పౌనఃపున్యాలతో కొలుస్తుంది. రోగి పడుకొని ఉండగా చేతికి, కాలికి పట్టీలు అంటించి, స్పర్శకు తెలియనంత స్వల్ప విద్యుత్తును పంపుతారు. నిమిషాలలో పని ముగుస్తుంది. సూది లేదు, రక్తం లేదు, ఎక్స్‌రే లేదు.

ఉద్దానం: ఈ కొలత ఎందుకు ప్రాణసమానం?

శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న ఉద్దానం ప్రాంతానికి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలకు, ఈ విషయంతో ఉన్న సంబంధాన్ని ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడిమామిడి తోటల ఈ నేలపై మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దాని మూల కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మూత్రపిండాలు పూర్తిగా చెడిన వారికి మార్పిడి జరిగేవరకు, లేదా మార్పిడి వీలుకాని పక్షంలో జీవితాంతం, డయాలిసిస్ తప్పదు.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. డయాలిసిస్ యంత్రం వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున పనిచేసినా అది 12 గంటలే. వారానికి రెండుసార్లే వెళ్ళగలిగిన వారికి 8 గంటలే. మధ్య రోజులలో తాగినది, తిన్నది, మూత్రంగా వెళ్ళకపోగా ఒంట్లోనే నిలుస్తుంది. ఒక లీటరు నీరంటే ఒక కిలో బరువు. యంత్రం మీద పడుకొన్నప్పుడు ఎంత తీయాలన్నది ‘డ్రై వెయిట్’ అనే లెక్కపై ఆధారపడుతుంది. అదనపు నీరేమీ లేకుండా రోగి ఉండవలసిన బరువే డ్రై వెయిట్.

ఈ ఒక్క అంకె తప్పితే రెండు వైపులా ప్రమాదమే. దానిని ఉండవలసిన దానికంటె ఎక్కువగా పెట్టుకొంటే నీరు లోపలే మిగిలి, రక్తపోటు పెరిగి, గుండె అలసి, రాత్రివేళ పడుకొంటే ఊపిరాడని స్థితి వస్తుంది. తక్కువగా పెడితే అవసరమైన నీటిని కూడా లాగివేయడం వలన రక్తపోటు పడిపోయి, పిక్కలు పట్టేసి, తల తిరిగి, రోగి ఇంటికి మనుషుల భుజాలపై చేరవలసి వస్తుంది. మిగిలిన కాస్త మూత్రం కూడా త్వరగా ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

ఇందులో మరొక మోసం ఉన్నది. ఆకలి లేక తిండి తగ్గిన రోగి కండ కోల్పోతాడు. ఆ కండ స్థానంలో నీరు చేరుతుంది. తూకం మాత్రం మారదు. “బరువు అంతే ఉంది కదా” అని ఇంటివారు ధైర్యపడతారు. నాలుగు నెలల క్రితం రాసిన డ్రై వెయిట్ ప్రకారమే నీరు తీస్తూ ఉంటారు. తూకపు యంత్రం కండను, నీటిని వేరు చేసి చూడలేదు. బయో ఇంపెడెన్స్ ఆ పని చేయగలదు. ఈ పరికరం ప్రధాన ప్రయోజనం ఇదే.

పరీక్షలలో తేలినదేమిటి?

అయితే కొలవగలగడం వేరు, ఆ కొలత వలన రోగికి మేలు జరగడం వేరు. బ్రిటన్‌లో వైద్య విధానాలపై సలహా ఇచ్చే నైస్ సంస్థ 2017లో ఈ పరికరాలను పరిశీలించి, అన్ని డయాలిసిస్ కేంద్రాలలోను నిత్యం వాడమని సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవని చెప్పింది. ఆ దేశంలోనే జరిగిన బిస్ట్రో అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 439 మంది డయాలిసిస్ రోగులను రెండు బృందాలుగా చేశారు. ఒక బృందంలో వైద్యులకు, నర్సులకు బయో ఇంపెడెన్స్ అంకెలు ఇచ్చారు. రెండవ బృందంలో ఆ అంకెలు ఇవ్వలేదు. కాని రెండు చోట్లా ఒకే క్రమపద్ధతిలో వాపు, రక్తపోటు, బరువు, రోగి చెప్పే ఇబ్బందులు పరిశీలించి డ్రై వెయిట్ నిర్ణయించారు. మిగిలిన మూత్రపిండ శక్తిని కాపాడడంలో రెండు బృందాల మధ్య తేడా కనిపించలేదు. పైగా రెండింటిలోనూ ఆ శక్తి బాగానే నిలిచింది.

ఈ ఫలితాన్ని “యంత్రం పనికిరాదు” అని చదివితే పొరపాటు. క్రమం తప్పకుండా, ఒక నిర్ణీత పద్ధతిలో, రోగిని అడిగి, చూసి, రాసి నిర్ణయించే చోట యంత్రం అదనంగా చేయగలిగినది స్వల్పమని దీని అర్థం. అటువంటి పద్ధతి లేని చోట యంత్రాన్ని తెచ్చి నిలిపినా పద్ధతి దానంతట అది పుట్టదు. మనకు ముందు కావలసినదేమిటో ఇక్కడే తెలుస్తున్నది.

గుండె జబ్బుల విషయంలో ఇదే పాఠం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గుండె బలహీనమైనవారి ఛాతీలో అమర్చిన పరికరం ఊపిరితిత్తులలో చేరే నీటిని విద్యుత్ నిరోధంతో పసిగట్టి, రోగికి వినిపించేలా మోగే ఏర్పాటును డాట్ హెచ్ఎఫ్ అనే అధ్యయనంలో 335 మందిపై పరీక్షించారు. 2011లో వెలువడిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మోత వినిపించిన బృందంలో ఆసుపత్రి చేరికలు తగ్గకపోగా పెరిగాయి. మోగగానే రోగి భయపడి పరుగెత్తాడు. మరణాలలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అదే 2011లో వెలువడిన ఛాంపియన్ అనే మరొక అధ్యయనం భిన్నమైన ఫలితాన్ని ఇచ్చింది. అమెరికాలో 550 మంది రోగుల ఊపిరితిత్తుల ధమనిలో చిన్న సెన్సార్‌ను అమర్చారు. ఇది నీటిని నేరుగా కొలవదు. నీరు చేరడానికి ముందే పెరిగే ఒత్తిడిని కొలుస్తుంది. ఇంట్లో తీసిన కొలత వైద్యునికి చేరుతుంది. ఆయన దానిని చూసి మందుల మోతాదు మారుస్తాడు. ఆ కొలతలను వాడుకొన్న బృందంలో ఆరు నెలలలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. ఈ రెండు పరికరాలు వేర్వేరు వస్తువులను కొలుస్తాయి గనుక వాటిని పూర్తిగా పోల్చలేము. అయినప్పటికీ, మొదటిది రోగి చెవిలో మోగింది, రెండవది వైద్యుని చేతికి చేరి మందుగా మారింది అనే తేడాను విస్మరించడానికి వీలులేదు.

వాపు కనిపించక ముందే పట్టుకొంటే

ఈ పరిజ్ఞానం నిస్సందేహంగా మేలు చేసిన రంగం కూడా ఒకటి ఉన్నది. రొమ్ము క్యాన్సర్ చికిత్స తరువాత కొందరు స్త్రీలకు చేయి వాచి, జీవితాంతం బాధిస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాలలో జరిగిన ప్రివెంట్ అనే పరీక్షలో శస్త్రచికిత్సకు ముందే చేతి కొలత తీసి పెట్టుకొని, పిమ్మట కొందరిని టేపుతోను, కొందరిని బయో ఇంపెడెన్స్‌తోను పరిశీలిస్తూ వచ్చారు. తేడా కనిపించగానే నాలుగు వారాలపాటు చేతికి బిగుతు తొడుగు వేయించారు. 2022లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఆ తొడుగు వేయించిన పిమ్మట కూడా వాపు ముదిరి స్థిరపడినది టేపు బృందంలో 19.2 శాతం మందికి, సెన్సార్ బృందంలో 7.9 శాతం మందికి. ఇక్కడ కొలత వెంట ఒక చౌకైన, నిర్దిష్టమైన చికిత్స సిద్ధంగా ఉన్నది. అందుకే కొలత ఫలించింది.

బోదకాలు మన ఉత్తరాంధ్ర, గంజాం తీర ప్రాంతాలకు పాత శత్రువు. దేశంలో 2004 నుండి సామూహిక మందుల పంపిణీ సాగుతున్నది; 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్నది కేంద్ర ప్రభుత్వ లక్ష్యం. మన పొరుగునున్న శ్రీలంక 2016లోనే ఈ గమ్యాన్ని చేరినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అయితే పురుగు పోయినంత మాత్రాన వాచిన కాలు మామూలు కాదు. కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడిచి, పుండ్లకు వెంటనే మందు వేసి, ఎత్తున పెట్టుకొని, చెప్పిన వ్యాయామం చేయడమే నేటికీ ప్రధాన సంరక్షణ. ఇక్కడ సెన్సార్ వలన ఉపయోగం, ఈ సంరక్షణ ఫలిస్తున్నదో లేదో అంకెలలో చూపడం. కాలిని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చుట్టూ చిత్రించి పరిమాణం లెక్కకట్టే తేలికపాటి పరికరాన్ని శ్రీలంకలోని గాలెలో పరీక్షించారు. 2017లో ప్రకటించిన ఆ ఫలితాలు పాత కొలత పద్ధతులతో సరిపోలాయి, సమయం కూడా తక్కువ పట్టింది. నెలనెలా కాలు తగ్గుతున్నదని కంటితో చూసిన మనిషి సబ్బును, నీటిని విడిచిపెట్టడు.

ఇది చేయలేని పనులు

బయో ఇంపెడెన్స్ కడుపులో చేరిన నీటిని సరిగా పట్టుకోలేదు. ఎందుకంటే కొలతలో ఎక్కువ భాగం సన్నని చేతులు, కాళ్ళ నుండే వస్తుంది, వెడల్పైన మొండెం వాటా స్వల్పం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఇటువంటి పరికరాలు వాడరాదు. బజారులో, ఆన్‌లైన్‌లో దొరికే “ఒంట్లో కొవ్వు శాతం, నీటి శాతం చెప్పే” తూకపు యంత్రాలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి గాని, అరికాళ్ళ నుండి అరికాళ్ళకే విద్యుత్తు పంపేవి ప్రధానంగా కాళ్ళనే కొలుస్తాయి. వాటి అంకెను చూసి డయాలిసిస్ వాయిదా వేసుకోవడమో, మందు మానడమో ప్రాణాంతకం.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి. ఉద్దానం తరహా మూత్రపిండ వ్యాధిలో తొలి దశలలో వాపు గాని, అధిక రక్తపోటు గాని కనిపించకపోవచ్చు. “కాళ్ళు వాయలేదు కదా, నాకేం” అనుకొనేవారిని ఏ నీటి సెన్సారూ హెచ్చరించలేదు. వారికి దారి క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపరీక్ష మాత్రమే.

సరిహద్దు కుటుంబం అడగవలసినది

మన గ్రామాల రోగి ఒక నెల పలాసలోను, మరొక నెల బరంపురంలోను, అవసరమైతే విశాఖపట్నంలోను చికిత్స పొందుతాడు. బంధువులున్న చోటు, బస్సు దొరికే చోటు, పథకం వర్తించే చోటు చూసుకొని తిరుగుతాడు. ఒక చీటీ తెలుగులో, ఒకటి ఒడియాలో, మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. రెండు లిపులు తెలిసిన ఉపాధ్యాయునిగా ఇటువంటి చీటీలు చదివి చెప్పమని వచ్చేవారిని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. మందుల పేర్లు ఉంటాయి, తేదీలు ఉంటాయి. అందరికీ అర్థమయ్యే ఒకే ఒక అంకె, అంటే నేటి డ్రై వెయిట్ ఎంత, ఎన్నడు మార్చారు అన్నది, తరచు కనిపించదు. కొత్త కేంద్రంలోని నర్సు పాత అంకెతోనే యంత్రాన్ని నడపవలసి వస్తుంది. లక్షల విలువైన సెన్సార్ కొలిచిన సంఖ్య కూడా చీటీపైకి రాకపోతే సరిహద్దు దాటగానే మాయమవుతుంది.

కనుక మన మొదటి కోరిక యంత్రం కాదు, నమోదు. ప్రతి డయాలిసిస్ రోగికి ఒక చిన్న పుస్తకం ఉండాలి. అందులో రావడానికి ముందు బరువు, వెళ్ళేటప్పుడు బరువు, రక్తపోటు, తీసిన నీరు, డ్రై వెయిట్, దానిని చివరిసారి మార్చిన తేదీ అంకెలలో రాయాలి. అంకెలకు లిపి తగాదా లేదు. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన డిజిటల్ ఆరోగ్య మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్ పథకంలో చేరింది. రెండు రాష్ట్రాల డయాలిసిస్ నమోదులను ఈ సంఖ్యకు జతచేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

రెండవది, డ్రై వెయిట్‌ను నెలకొకసారైనా వైద్యుడు స్వయంగా సమీక్షించాలి. మూడవది, ఈ రెండూ అమలయ్యాక, పలాస, బరంపురం వంటి పెద్ద కేంద్రాలలో ఒక్కొక్క బయో ఇంపెడెన్స్ పరికరం ఉంచి, కండ తగ్గుతున్నవారిని, తరచు రక్తపోటు పడిపోయేవారిని, లెక్క తేలనివారిని దానితో పరీక్షించాలి. రోగులందరికీ ప్రతిసారీ అక్కరలేదు.

ఇంటివారు చేయగలిగినదీ ఉన్నది. ఒక మామూలు తూకపు యంత్రం కొని, రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళివచ్చి, ఏమీ తినక ముందు, ఒకే రకం దుస్తులతో తూచి గోడమీది క్యాలెండరుపై రాయాలి. గుండె బలహీనమైనవారికి మూడు రోజులలో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు; వెంటనే వైద్యునికి చెప్పాలి. డయాలిసిస్ రోగులు రెండు వాయిదాల మధ్య తమకు అనుమతించిన పరిమితిని వైద్యుని అడిగి అదే క్యాలెండరుపై రాసుకోవాలి. ఆరోగ్యవంతునికే రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆవకాయ, ఉప్పుచేప, అప్పడం ఉన్న పళ్ళెం ముందు నీళ్ళు తాగవద్దని రోగిని కోప్పడడం వలన ఫలితం లేదు. దాహాన్ని పుట్టించేది ఆ ఉప్పే.

కణజాలంలోని నీటిని కొలిచే సెన్సార్ మంచి సాధనమే. కాని అది చెప్పే మాటను రాసేవారు, చదివేవారు, ఆ ప్రకారం నడిచేవారు ఉన్నచోటనే అది మందుతో సమానం. యంత్రం కోసం వినతిపత్రం ఇవ్వదలచిన గ్రామపెద్దలు అందులో మొదటి పంక్తిగా ఆ పుస్తకాన్ని అడగాలి. ఈ వారమే మీ ఇంటి రోగి చీటీ తీసి, డ్రై వెయిట్ అంకె, దాని తేదీ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే తరువాతి వాయిదానాడే అడిగి రాయించుకోండి.